కాంపాక్ట్ జూమ్ కెమెరానా, ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్సా? సరైన ఎంపికకు సమగ్ర మార్గదర్శి

ఫోన్ కెమెరాతో తృప్తి చాలక, మొదటిసారి విడిగా ఒక కెమెరా కొందామనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. జేబులో పట్టే కాంపాక్ట్ జూమ్ కెమెరా సరిపోతుందా, లేక లెన్సులు మార్చుకునే వీలున్న ప్రాథమిక స్థాయి మిర్రర్‌లెస్ కెమెరా తీసుకోవాలా? "మిర్రర్‌లెస్‌లో సెన్సర్ పెద్దది కాబట్టి అదే మంచిది" అన్న జవాబు వారికి ఎక్కువగా వినిపిస్తుంది. అందులో సగమే నిజం ఉంది.

ఫొటో నాణ్యతను సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్), లెన్సు రెండూ కలిసి నిర్ణయిస్తాయి. మిర్రర్‌లెస్ కొని, దానితో పాటు వచ్చిన కిట్ లెన్సును ఎప్పటికీ మార్చనివారికి తక్కువ వెలుతురులో ఒక మంచి కాంపాక్ట్ ఇచ్చేపాటి ఫలితం కూడా రాకపోవచ్చు. అందువల్ల ఈ మార్గదర్శి అంతా ఒకే ప్రశ్న చుట్టూ నడుస్తుంది: రాబోయే రెండు మూడేళ్లలో మీరు నిజంగా వాడబోయే లెన్సు ఏది? అది తేలాక బాడీని (లెన్సు లేని కెమెరాను) ఎంచుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

కింది అంచెలను వరుస తప్పకుండా అనుసరించండి. దుకాణానికి వెళ్లే పని తొమ్మిదో అంచెలో గానీ రాదు. అంతకు ముందువన్నీ ఇంట్లోనే పూర్తి చేయవలసినవి.

1. మీ పాత ఫొటోలను ముందు వేసుకోండి

ఏం తీయాలనుకుంటున్నామో ఊహించుకుని కెమెరా కొనేవారు చాలామంది ఉంటారు. ఇప్పటిదాకా ఏం తీశారో చూసుకుని కొనడం మేలు. ఫోన్‌లోంచి మీకు బాగా నచ్చిన యాభై ఫొటోలను, తీద్దామనుకుని కుదరక పాడైన ఇరవై ఫొటోలను రెండు ఫోల్డర్లలో పెట్టండి. రెండో ఫోల్డరే అసలైన ఆధారం, ఎందుకంటే మీకు కొత్త కెమెరా ఎందుకు కావాలో చెప్పేది అదే.

పాడైన ప్రతి ఫొటో పక్కన కారణం రాయండి. కారణాలు దాదాపుగా ఈ ఐదింటిలోకే వస్తాయి.

☐ దూరం: మనిషి గానీ పక్షి గానీ ఫొటోలో చుక్కంత కనిపించడం
☐ చీకటి: గదిలో లేదా రాత్రివేళ తీసిన ఫొటో గరగరలాడుతూ నాయిస్‌తో, అంటే చుక్కచుక్కలతో నిండిపోవడం
☐ కదలిక: పరుగెత్తే పిల్లలు, నాట్యం చేసేవారు చెరిగిపోయినట్టు రావడం
☐ బ్యాక్‌గ్రౌండ్: ముఖం వెనుక ఉన్నవన్నీ స్పష్టంగా వచ్చి చూపును చెదరగొట్టడం
☐ అందుబాటు: తీయవలసిన క్షణానికి కెమెరా చేతిలో లేకపోవడం

మొదటిదానికి, ఐదోదానికి ఎక్కువ గుర్తులు పడితే మొగ్గు కాంపాక్ట్ వైపు. రెండు, మూడు, నాలుగింటికి ఎక్కువ పడితే మొగ్గు మిర్రర్‌లెస్ వైపు, అయితే ఒక షరతు మీద. ఆ షరతు ఏమిటో నాలుగో అంచెలో చూద్దాం.

2. బరువును వారం రోజులు మోసి చూడండి

లోపలికి ముడుచుకునే లెన్సు ఉన్న 1 అంగుళం సెన్సర్ కాంపాక్ట్‌లు బ్యాటరీ, కార్డుతో కలిపి 300 గ్రాముల దరిదాపుల్లో ఉంటాయి. ఉదాహరణకు సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 బరువు 302 గ్రాములు. ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్‌లలో తేలికైన వాటిలో ఒకటైన కెనాన్ ఆర్50 బాడీ 375 గ్రాములు, దాని చిన్న కిట్ లెన్సు 130 గ్రాములు, కలిపి అర కిలో దాటుతుంది. 18–150 మి.మీ. జూమ్ లెన్సు (మి.మీ. సంఖ్య ఎంత పెద్దదైతే దూరంవి అంత దగ్గరగా కనిపిస్తాయి) తగిలిస్తే అదే కెమెరా 700 గ్రాములకు దగ్గరవుతుంది.

అంకెలు చదివితే తేడా చిన్నదిగానే అనిపిస్తుంది. కాబట్టి అర లీటరు నీళ్ల సీసాను నింపి, మీరు రోజూ పట్టుకెళ్లే సంచిలో వారం పాటు అదనంగా ఉంచండి. మూడో రోజుకే దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లాలనిపిస్తే, మిర్రర్‌లెస్‌కూ అదే గతి పట్టవచ్చని గ్రహించండి. బరువుతో పాటు మందం కూడా చూసుకోవాలి. లెన్సు ముందుకు పొడుచుకుని ఉండే మిర్రర్‌లెస్ ప్యాంటు జేబులో పట్టదు, దానికి సంచి తప్పదు.

3. సెన్సర్ కొలతను మిల్లీమీటర్లలో తెలుసుకోండి

ప్రకటనల్లో సెన్సర్ కొలతలు గందరగోళంగా ఉంటాయి. పేరులోని అంగుళాలు సెన్సర్ అసలు కొలత కావు. కొనాలనుకుంటున్న ప్రతి మోడల్‌కూ ఈ నాలుగింటిలో ఏది వర్తిస్తుందో రాసుకోండి. క్రాప్ ఫ్యాక్టర్ అంటే 36 × 24 మి.మీ. ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కంటే ఆ సెన్సర్ మూల నుంచి మూలకు ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే సంఖ్య. లెన్సు మిల్లీమీటర్లను దానితో గుణిస్తే ఫుల్‌ఫ్రేమ్‌కు "సమానమైన" మిల్లీమీటర్లు వస్తాయి.

• 1/2.3 అంగుళాల రకం: సుమారు 6.2 × 4.6 మి.మీ., క్రాప్ ఫ్యాక్టర్ 5.6. 30 రెట్లు, 40 రెట్లు జూమ్ ఉండే జేబు కెమెరాల్లో ఉంటుంది.
• 1 అంగుళం రకం: 13.2 × 8.8 మి.మీ., క్రాప్ ఫ్యాక్టర్ 2.7. ఖరీదైన కాంపాక్ట్‌లలో ఉంటుంది.
• మైక్రో ఫోర్ థర్డ్స్: 17.3 × 13 మి.మీ., క్రాప్ ఫ్యాక్టర్ 2. ఒలింపస్ (ఇప్పుడు ఓఎం సిస్టమ్), పానాసోనిక్ మిర్రర్‌లెస్‌లలో ఉంటుంది.
• ఏపీఎస్-సీ: సుమారు 23.5 × 15.6 మి.మీ., క్రాప్ ఫ్యాక్టర్ 1.5. కెనాన్‌లో కొంచెం చిన్నది, అక్కడ క్రాప్ ఫ్యాక్టర్ 1.6.

వైశాల్యం లెక్కగడితే, ఏపీఎస్-సీ సెన్సర్ 1 అంగుళం సెన్సర్‌కు మూడు రెట్లు, 1/2.3 అంగుళాల సెన్సర్‌కు పదమూడు రెట్లు ఉంటుంది.

ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. 1/2.3 అంగుళాల సెన్సర్ ఉన్న కాంపాక్ట్‌ను దూరపు జూమ్ కోసం తప్ప మరే కారణంతోనూ కొనవద్దు. జూమ్ చేయకుండా తీసే మామూలు ఫొటోల్లో అది ఈనాటి మంచి ఫోన్ కంటే మెరుగ్గా ఉండదు. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సర్ అంతకంటే పెద్దది, పైగా ఫోన్ అనేక ఫ్రేములను కలిపి నాయిస్‌ను తగ్గించుకుంటుంది.

4. సెన్సర్‌తో పాటు లెన్సును లెక్కలోకి తీసుకోండి

నిర్ణయమంతా ఆధారపడేది ఈ అంచె మీదనే కనుక నిదానంగా చదవండి.

లెన్సు మీద ఉండే ఎఫ్ సంఖ్య ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది. అది ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. వేర్వేరు సెన్సర్లున్న కెమెరాలను పోల్చాలంటే ఎఫ్ సంఖ్యను ఆయా క్రాప్ ఫ్యాక్టర్‌తో గుణించండి. వచ్చిన సంఖ్య ఏ కెమెరాకు చిన్నదో, ఒకే షట్టర్ స్పీడ్ (సెన్సర్ మీద వెలుతురు పడే సమయం) వద్ద ఆ కెమెరా సెన్సర్ మొత్తం మీద ఎక్కువ వెలుతురును పోగుచేస్తుంది. నాయిస్ తక్కువగా రావడం, బ్యాక్‌గ్రౌండ్ మెత్తగా చెదరడం రెండూ స్థూలంగా ఈ సంఖ్యనే అనుసరిస్తాయి.

ఒక జత కెమెరాలను తీసుకుని చూద్దాం. కెనాన్ పవర్‌షాట్ జీ7 ఎక్స్ మార్క్ 3 కాంపాక్ట్‌లో 1 అంగుళం సెన్సర్, 24–100 మి.మీ.కు సమానమైన ఎఫ్/1.8–2.8 లెన్సు ఉంటాయి. క్రాప్ ఫ్యాక్టర్ 2.7తో గుణిస్తే వైడ్ కొసన (జూమ్ చేయనప్పుడు) 4.9, టెలి కొసన (పూర్తిగా జూమ్ చేసినప్పుడు) 7.6 వస్తాయి. అదే సంస్థ ఆర్50 మిర్రర్‌లెస్‌తో ఇచ్చే 18–45 మి.మీ. కిట్ లెన్సు ఎఫ్/4.5–6.3 మాత్రమే. దాన్ని 1.6తో గుణిస్తే 7.2 నుంచి 10.1 వరకు వస్తుంది.

అంటే కిట్ లెన్సుతో ఉన్న మిర్రర్‌లెస్ కంటే కాంపాక్టే వైడ్ కొసన సుమారు రెట్టింపు, కిట్ లెన్సు టెలి కొస అయిన 72 మి.మీ. (45 × 1.6) దగ్గర సుమారు 1.8 రెట్లు ఎక్కువ వెలుతురు పోగుచేస్తోంది. పెద్ద సెన్సర్ వల్ల రావలసిన లాభాన్ని చిన్న కిట్ లెన్సు హరించివేసింది. కొన్న కెమెరాకు కిట్ లెన్సు తప్ప మరేదీ వేయని వారికి ఈ లెక్కను ముందుగా ఎవరూ చూపించకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే వాళ్లు ఎక్కువ బరువు మోసి, సాయంత్రం వేళ తక్కువ ఫలితం పొందుతున్నారు.

ఇప్పుడు అదే ఆర్50కు 50 మి.మీ. ఎఫ్/1.8 ప్రైమ్ లెన్సు (జూమ్ లేని లెన్సు) వేయండి. 160 గ్రాముల చిన్న లెన్సు అది. గుణిస్తే 2.9 వస్తుంది. ఈ లెన్సుకు సమానమైన 80 మి.మీ. (50 × 1.6) దగ్గర కాంపాక్ట్ సంఖ్య 7.6తో పోలిస్తే ఇది సుమారు ఏడు రెట్లు ఎక్కువ వెలుతురు. ఇంట్లో దీపాల వెలుగులో పిల్లల ముఖాలు తీసేవారికి ఈ తేడా మొదటి ఫొటోలోనే కనిపిస్తుంది.

నేను చెప్పిన షరతు ఇదే. రెండో లెన్సు కొనే ఉద్దేశం, దాన్ని మార్చుకునే ఓపిక ఉంటేనే చీకటి, కదలిక, బ్యాక్‌గ్రౌండ్ సమస్యలకు మిర్రర్‌లెస్ పరిష్కారం అవుతుంది.

వేదిక మీద నాట్య ప్రదర్శనను తీస్తున్నారనుకుందాం. ఆ వెలుతురులో ఎఫ్/2.8, 1/250 సెకను, ఐఎస్‌ఓ 1600 (ఫొటోను కెమెరా ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే సంఖ్య, ఇది పెరిగేకొద్దీ నాయిస్ ఎక్కువగా కనిపిస్తుంది) సరిపోతాయనుకుంటే, అదే షట్టర్ స్పీడ్‌తో వేర్వేరు లెన్సులకు ఎంత ఐఎస్‌ఓ అవసరమవుతుందో గమనించండి.

• 200 మి.మీ. దగ్గర ఎఫ్/4.5 ఇచ్చే 1 అంగుళం కాంపాక్ట్: సుమారు ఐఎస్‌ఓ 4000. ఆ సెన్సర్‌కు ఇది ఇబ్బందికరమైన స్థాయి.
• ఎఫ్/6.3 టెలి జూమ్ వేసిన ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్: ఐఎస్‌ఓ 8000. సెన్సర్ పెద్దది కనుక ఫలితం పై దానికంటే కొంచెం మెరుగు, అంతకు మించి కాదు.
• 85 మి.మీ. ఎఫ్/1.8 ప్రైమ్ వేసిన అదే మిర్రర్‌లెస్: సుమారు ఐఎస్‌ఓ 640. కావలసిన మేరకు కత్తిరించుకున్నా ఫొటో శుభ్రంగా ఉంటుంది.

ఒక సవరణ కూడా చెప్పాలి. పట్టపగలు, అత్యల్ప ఐఎస్‌ఓ దగ్గర తీసే దృశ్యాల్లో పై గుణకారం ముఖ్యం కాదు. అక్కడ కిట్ లెన్సుతోనైనా ఏపీఎస్-సీ సెన్సర్ నీడల్లో వివరాలను, వెలుగులో రంగులను మెరుగ్గా నిలుపుతుంది. రా ఫైళ్లను (సెన్సర్ ఇచ్చిన ముడి సమాచారాన్ని అలాగే ఉంచే ఫైళ్లను) కంప్యూటర్‌లో సరిదిద్దుకునేవారికి ఈ లాభం బాగా తెలుస్తుంది.

5. జూమ్ రెట్లను నమ్మకుండా మిల్లీమీటర్లు చూడండి

"30 రెట్లు" అన్న మాట లెన్సు ఆఖరి కొసను మొదటి కొసతో భాగిస్తే వచ్చే సంఖ్య మాత్రమే. ఎంత దూరం చూడగలదో తెలియాలంటే సమానమైన మిల్లీమీటర్ల సంఖ్య చూడాలి. 24 మి.మీ. నుంచి 720 మి.మీ. వరకు పోయేదీ 30 రెట్లే, పానాసోనిక్ టీజెడ్99 అలాంటిది. కెనాన్ ఎస్‌ఎక్స్740 హెచ్‌ఎస్ 24–960 మి.మీ.తో 40 రెట్లు ఇస్తుంది.

మీ అవసరానికి ఎంత కావాలో ఇలా అంచనా వేసుకోండి.

• కుటుంబం, ప్రయాణం, వీధి: 24–100 మి.మీ. చాలు
• సభలు, వేదికలు, పిల్లల ఆటలు: 200 మి.మీ. వరకు
• మైదానం అవతలి ఆటగాళ్లు, పెద్ద జంతువులు: 300–400 మి.మీ.
• పక్షులు: 500 మి.మీ. పైన

ఈ దూరాలను మిర్రర్‌లెస్‌తో అందుకోవాలంటే ఏమవుతుందో చూడండి. నికాన్ 50–250 మి.మీ. లెన్సు ఏపీఎస్-సీ మీద 375 మి.మీ.కు సమానం, బరువు 405 గ్రాములు. కెనాన్ 100–400 మి.మీ. ఎఫ్/5.6–8 లెన్సు ఆర్50 మీద 640 మి.మీ.కు సమానం, బరువు 635 గ్రాములు. అంతకు మించి పోవాలంటే లెన్సులు కిలోల్లోకి వెళతాయి. సోనీ 200–600 మి.మీ. లెన్సు ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది.

కాంపాక్ట్ వైపు మరో చిక్కు ఉంది. 1/2.3 అంగుళాల సెన్సర్ మీద ఎఫ్/6.9 అంటే వివర్తనం (సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుతురు చెదరడం) వల్లే వివరాలు మెత్తబడటం మొదలైపోయే స్థాయి. ఎండ బాగా ఉన్నప్పుడు చెట్టు మీది పక్షిని గుర్తుపట్టేంత ఫొటో వస్తుంది, కానీ ఈకల అంచులు నీటిరంగులు పూసినట్టు కలిసిపోతాయి. గుర్తుపట్టడం చాలనుకుంటే అది మంచి కొనుగోలే. గోడకు పెద్ద ఫొటోగా తగిలించాలనుకుంటే కాదు.

6. లెన్సు, సెన్సర్ కాకుండా చూడవలసినవి

స్టెబిలైజేషన్: చాలా కాంపాక్ట్‌లలో లెన్సులోనే ఉంటుంది. కెనాన్ ఆర్50, నికాన్ జెడ్50, సోనీ ఏ6400 వంటి ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్‌ల బాడీలో ఉండదు. వాటికి కిట్ లెన్సులో ఉన్నా, చవకైన ప్రైమ్ లెన్సులలో తరచుగా ఉండదు. ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 4 వంటివాటిలో బాడీలోనే ఉంటుంది. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపగలదు, ఎదుటివారి కదలికను ఆపలేదు.

వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ): ఎండలో వెనుక స్క్రీన్ సరిగ్గా కనిపించదు. నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 వంటి వీడియో ప్రధానమైన మిర్రర్‌లెస్‌లలో వ్యూఫైండర్ ఉండదు. కళ్లద్దాలు పెట్టుకునేవారు దీన్ని తప్పక పరీక్షించుకోవాలి.

దుమ్ము, మరమ్మతు: కాంపాక్ట్ లెన్సు లోపలికీ బయటికీ కదిలేటప్పుడు గాలితో పాటు సన్నని దుమ్మును లాక్కోగలదు. అది సెన్సర్ మీద పడితే ఇంట్లో తీయడం సాధ్యం కాదు. ఇసుక రేణువు చిక్కి లెన్సు మోటార్ ఆగిపోతే కెమెరా మొత్తం మూలపడినట్టే. మిర్రర్‌లెస్‌లో లెన్సు పాడైతే లెన్సే మారుస్తారు, సెన్సర్ మీది దుమ్మును బ్లోయర్‌తో ఊదేయవచ్చు.

బ్యాటరీ: జేబు కాంపాక్ట్‌లు ఒక చార్జింగ్‌తో 250 ఫొటోల ప్రాంతంలో ఆగుతాయి. ఎంట్రీ మిర్రర్‌లెస్‌లు కూడా అన్నీ అంతకంటే గొప్పగా ఉండవు. రెండింటికీ అదనపు బ్యాటరీ కొనవలసిందే.

దగ్గరి ఫొటోలు: పువ్వులు, నగలు, వంటకాలు తీసేవారికి కాంపాక్ట్ అనుకూలం. వైడ్ కొసన కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచే ఫోకస్ చేస్తుంది. కిట్ లెన్సులకు సాధారణంగా 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం కావాలి.

7. డబ్బును ముందే భాగాలుగా పంచుకోండి

మొత్తం సొమ్మును కెమెరా పెట్టె మీదే ఖర్చు చేయడం వల్ల చాలామంది రెండో లెన్సు దాకా ఎన్నటికీ చేరరు. మిర్రర్‌లెస్ తీసుకునేట్లయితే మొత్తంలో కనీసం మూడో వంతును రెండో లెన్సుకు, మిగిలిన సామగ్రికి అట్టే పెట్టండి. అలా పక్కన పెట్టాక మిగిలిన దానితో బాడీ రాకపోతే, పాత మోడల్ బాడీకి దిగిరండి, లెన్సును మాత్రం వదులుకోకండి.

కాంపాక్ట్‌కు లెన్సు ఖర్చు లేదు, కాబట్టి మొత్తం సెన్సర్ పెద్దదైన మోడల్ మీద పెట్టవచ్చు.

రెండింటికీ అవసరమైన సామగ్రి:

☐ అదనపు బ్యాటరీ ఒకటి
☐ 64 జీబీ లేదా అంతకు పెద్ద ఎస్‌డీ కార్డు. 4కే వీడియో తీసేట్లయితే వీ30 గుర్తు ఉన్నది, అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ ఎడతెగకుండా రాయగలది
☐ మణికట్టు పట్టీ లేదా మెడ పట్టీ
☐ మైక్రోఫైబర్ గుడ్డ
☐ మిర్రర్‌లెస్‌కు బ్లోయర్, మెత్తని అర ఉన్న సంచి

8. నిర్ణయం రాసిపెట్టుకోండి

దుకాణానికి వెళ్లకముందే మీ నిర్ణయాన్ని ఒక కాగితం మీద రాయండి. అక్కడికి వెళ్లాక తగ్గింపులు, రెండు లెన్సుల పెట్టెలు మనసు మార్చేస్తాయి.

• జేబులో పట్టాలి, లెన్సు మార్చే ఆలోచన లేదు, ఇంట్లోనూ సాయంత్రాలూ ఫొటోలు తీస్తారు: ఎఫ్/1.8తో మొదలయ్యే 1 అంగుళం కాంపాక్ట్.
• ప్రయాణాల్లో ఒకే కెమెరాతో దగ్గరవీ దూరంవీ తీయాలి, ఎక్కువగా పగటివేళే: 200 మి.మీ. లేదా అంతకు మించి పోయే 1 అంగుళం కాంపాక్ట్.
• పక్షులు, వన్యప్రాణులు ఎండలో కనిపిస్తే చాలు, బరువు మోయలేరు: 1/2.3 అంగుళాల పొడవు జూమ్.
• పిల్లలు, వేదికలు, మనుషుల ముఖాలు ముఖ్యం, ఒక ప్రైమ్ లెన్సు కొంటారు: ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్.
• ఫొటోగ్రఫీ నేర్చుకోవాలి, రా ఫైళ్లతో పని చేయాలి, ఏటా ఒక అడుగు ముందుకు వేయాలి: మిర్రర్‌లెస్. ఇందులో నాకు సందేహం లేదు.
• మిర్రర్‌లెస్ కావాలి, కానీ కిట్ లెన్సుతోనే సరిపెడతారు: మళ్లీ నాలుగో అంచెకు వెళ్లండి.

మిర్రర్‌లెస్ వైపు నిర్ణయించుకుంటే బాడీకి ముందు ఆ మౌంట్‌కు (బాడీకి లెన్సు బిగించే అమరికకు) దొరికే లెన్సుల పట్టిక చూడండి. సోనీ ఈ, ఫుజీఫిల్మ్ ఎక్స్, మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంట్లకు చిన్న లెన్సుల ఎంపిక విస్తారంగా ఉంది. కెనాన్ ఆర్‌ఎఫ్ ఏపీఎస్-సీ బాడీలకు 2024 నుంచి సిగ్మా, ట్యామ్రాన్ లెన్సులు కూడా రావడంతో పరిస్థితి మెరుగుపడింది. మీకు కావలసిన రెండో లెన్సు ఏ మౌంట్‌కు ఉందో అదే మీ మౌంట్.

9. చేతిలోకి తీసుకుని పరీక్షించండి

మీ సొంత ఎస్‌డీ కార్డు పట్టుకెళ్లి, అనుమతి అడిగి, రెండు కెమెరాలతోనూ ఒకే ఫొటోలను ఈ వరుసలో తీయండి.

(అ) ఆపి ఉన్న కెమెరాను స్విచ్ వేసి మొదటి ఫొటో తీయడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ఇదే పని ఐదారుసార్లు చేయండి.

(ఆ) వ్యూఫైండర్ ఉంటే పక్కనున్న చిన్న చక్రం తిప్పి, లోపలి అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేసుకోండి. ఇది చేయకుండా వ్యూఫైండర్ మసకగా ఉందని తేల్చేయకండి.

(ఇ) జూమ్‌ను చివరిదాకా పొడిగించి, దూరంగా ఉన్న సన్నని అక్షరాల మీద షట్టర్ బటన్‌ను సగం నొక్కండి. పదిసార్లలో ఎన్నిసార్లు ఫోకస్ కుదిరిందో లెక్కపెట్టండి.

(ఈ) మీతో వచ్చినవారిని మీ వైపు నడిచి రమ్మని, కన్ను గుర్తించే కంటిన్యువస్ ఫోకస్‌తో (కదిలేవారిని వెంబడించే ఫోకస్‌తో) వరుసగా ఇరవై ఫొటోలు తీయండి.

(ఉ) నీడగా ఉన్న మూలలో ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచి, షట్టర్ స్పీడ్ 1/125 పెట్టి, ఐఎస్‌ఓను ఆటోలో వదిలి ఒక ఫొటో తీయండి.

ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూడండి. రెండు ఫొటోలనూ ఒకే పరిమాణానికి తెచ్చాకే పోల్చాలి, లేకపోతే ఎక్కువ మెగాపిక్సెల్స్ ఉన్నదానికి అన్యాయం జరుగుతుంది.

వాడినదాన్ని కొంటుంటే అదనంగా చూడవలసినవి:

☐ జూమ్ కదిలేటప్పుడు గరగర శబ్దం, తడబాటు లేకపోవడం
☐ లెన్సు లోపలికి టార్చి వెలుగు వేసి చూస్తే సాలెగూడు లాంటి బూజు కనిపించకపోవడం
☐ వీలైనంత పెద్ద ఎఫ్ సంఖ్యతో, ఫోకస్ తప్పించి తెల్ల గోడను తీస్తే మచ్చలు రాకపోవడం
☐ మిర్రర్‌లెస్‌కు మౌంట్ పిన్నులు వంగకుండా, శుభ్రంగా ఉండటం
☐ బ్యాటరీ ఉబ్బి ఇరుకుగా లేకపోవడం

10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

పొరపాటు: మెగాపిక్సెల్స్ చూసి ఎంచుకోవడం. సవరణ: 20, 24 మెగాపిక్సెల్స్ మధ్య తేడా కంటికి కనిపించదు. ఆ వరుసను పోలిక పట్టికలోంచి కొట్టేయండి.

పొరపాటు: డిజిటల్ జూమ్‌ను ఆప్టికల్ జూమ్‌తో కలిపి లెక్కించడం. సవరణ: డిజిటల్ జూమ్ అంటే ఫొటోను కత్తిరించి సాగదీయడమే. కొన్న రోజే మెనూలో దాన్ని ఆపేయండి.

పొరపాటు: చవకగా వస్తోందని రెండు జూమ్ లెన్సుల పెట్టె తీసుకోవడం. సవరణ: మొదటి అంచెలో "దూరం"కు గుర్తులు పడకపోతే ఆ రెండో జూమ్ అలమరలోనే ఉంటుంది. ఆ డబ్బుతో ప్రైమ్ తీసుకోండి.

పొరపాటు: ఎప్పుడో ఫుల్‌ఫ్రేమ్ కొంటామని ఇప్పుడే దాని బరువైన జూమ్‌లు కొనడం. సవరణ: ఏపీఎస్-సీ మీద 24–70 మి.మీ. లెన్సు 36–105 మి.మీ. అవుతుంది, గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు. ఈ బాడీకి తగిన 16 లేదా 18 మి.మీ.తో మొదలయ్యే లెన్సు తీసుకోండి.

పొరపాటు: ఫొటోలు చెరిగితే కెమెరా బాగాలేదని తేల్చడం. సవరణ: అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. చెరిగిన ఫొటోలో గోడ స్పష్టంగా ఉండి కదులుతున్న మనిషి మాత్రమే చెరిగితే షట్టర్ స్పీడ్ చాలలేదు, 1/250కి పెంచండి, పరుగెత్తేవారికి 1/500 నుంచి 1/1000 దాకా పోండి. గోడ, మనిషి అంతా చెరిగితే చేయి వణికింది, 200 మి.మీ. దగ్గర కనీసం 1/200 పెట్టండి. కదలకుండా నిలబడ్డ మనిషి మసకబారి వెనకాల ఉన్న చెట్టు పదునుగా వస్తే ఫోకస్ తప్పింది, కన్ను గుర్తించే ఫోకస్‌ను ఆన్ చేయండి.

పొరపాటు: దుమ్ము భయంతో లెన్సు అసలు మార్చకపోవడం. సవరణ: కెమెరా ఆపండి, మౌంట్‌ను కిందికి వంచి పట్టుకోండి, కొత్త లెన్సు వెనుక మూతను ముందే వదులు చేసి పెట్టుకోండి, గాలికి వీపు పెట్టి మార్చండి. అలవాటైతే పది సెకన్ల పని.

11. కొన్న వారంలోనే చేయవలసిన అమరికలు

ముందుగా తేదీ, సమయం సరిచేసి, కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. తయారీదారు ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరా సాఫ్ట్‌వేర్) ఉంటే ఎక్కించండి. ఫైల్ రకాన్ని రా, జేపెగ్ రెండూ కలిసి ఉండేలా పెట్టండి, ఇప్పుడు అవసరం లేకపోయినా రెండేళ్ల తర్వాత ఆ రా ఫైళ్లు అక్కరకు వస్తాయి.

కాంపాక్ట్‌కు: ఎపర్చర్ ప్రయారిటీ మోడ్ (ఎఫ్ సంఖ్యను మీరు ఎంచుకుంటే షట్టర్ స్పీడ్‌ను కెమెరా చూసుకునేది), ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఆటో ఐఎస్‌ఓ గరిష్ఠం 3200. 1/2.3 అంగుళాల సెన్సర్ అయితే 800 దాటనివ్వకండి. జూమ్ నొక్కినప్పుడల్లా ఎఫ్ సంఖ్య ఎలా పెరుగుతోందో తెర మీద గమనించండి. చీకట్లో ఉన్నప్పుడు జూమ్ చేయకుండా నాలుగడుగులు ముందుకు వేస్తే ఫొటో మెరుగ్గా వస్తుంది.

మిర్రర్‌లెస్‌కు: ఎపర్చర్ ప్రయారిటీ, ఆటో ఐఎస్‌ఓ గరిష్ఠం 6400, కనిష్ఠ షట్టర్ స్పీడ్ 1/125, కంటిన్యువస్ ఫోకస్, కన్ను గుర్తించడం ఆన్. వేగంగా కదిలేవాటికి ఎలక్ట్రానిక్ షట్టర్ వాడకండి, ఊగుతున్న బ్యాటు, తిరిగే ఫ్యాను రెక్కలు వంగినట్టు వస్తాయి. మెకానికల్ షట్టర్ లేదా ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ ఉంచండి.

మార్చుకునే గడువు ఇంకా ఉండగానే ఈ చివరి పరీక్షలు పూర్తి చేయండి.

☐ చదునైన ఇటుక గోడను ఎదురుగా నిలబడి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వైడ్ కొసనా టెలి కొసనా తీయండి. నాలుగు మూలల్లో ఒక్కటే బాగా మసకగా ఉంటే లెన్సు లోపలి అద్దం ఓరగా కూర్చుందన్నమాట, కెమెరాను మార్పించుకోండి.
☐ లెన్సుకు మూత పెట్టి, ఎక్కువసేపు ఎక్స్‌పోజర్‌తో ఒక నల్ల ఫొటో తీసి, మెరిసే చుక్కలున్నాయేమో చూడండి.
☐ పది నిమిషాలు వీడియో తీసి, మీకు కావలసిన రిజల్యూషన్‌లో వేడెక్కి ఆగిపోతోందేమో గమనించండి.
☐ రెండు బ్యాటరీలనూ పూర్తిగా వాడి, ఒక్కొక్కటి ఎన్ని ఫొటోలు ఇచ్చిందో రాసుకోండి.
☐ మొదటి అంచెలో పక్కన పెట్టిన పాడైన ఇరవై ఫొటోల్లో మళ్లీ తీయగలిగినవాటిని అదే చోట, అదే వేళకు కొత్త కెమెరాతో తీయండి. సమస్య తీరకపోతే లెన్సునో మోడల్‌నో ఇప్పుడే మార్చుకోండి.